పదిహేడో పేరు

"అయ్యా, ఆ కౌంటర్ మీ ఒక్కరికే రాసిచ్చారా?"

కోడలి గొంతుకి హాల్లో ఉన్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు.

కౌంటర్ దగ్గర యాభై దాటిన బక్కపలచని మనిషి ఒకాయన నిలబడి ఉన్నాడు. పావుగంట నుంచీ గుమాస్తాతో ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు.

"ఒక్క నిమిషం తల్లీ" అన్నాడు.

"ఇందాకా ఇదే మాటన్నారు, పది నిమిషాలైంది. మా అత్తయ్య కూర్చోలేకపోతోంది, కాస్త చూడండి."

ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

బెంచీ మీద అత్తగారు గోడకి ఆనుకుని రొప్పుతోంది. కాళ్లు చెప్పుల్లో పట్టనంతగా వాచాయి.

హాలు పక్క గదిలో డయాలసిస్ మొదలైంది ఆ రోజే. చుట్టుపక్కల మూడు ఊళ్లు కలిసి పెట్టుకున్నవి ఆ మిషన్లు. ఒక ఊరు గది ఇచ్చింది, ఒక ఊరు మిషన్లు కొంది, మూడో ఊరు డాక్టర్ని పంపుతోంది. అంతా ఉచితం. కానీ ఉన్నవి నాలుగు మిషన్లే. పదహారు మందికే చోటు.

అత్తగారిది పదిహేడో పేరు.

ఇన్నాళ్లూ వారానికి మూడుసార్లు మూడు గంటలు బస్సులో కూర్చుని పెద్దాసుపత్రికి వెళ్లేవాళ్లు. వెళ్లిన రోజల్లా కోడలికి లాండ్రీలో ఇస్త్రీ పని పోయేది. కిందటిసారి అత్తగారు మొండికేసింది. "చచ్చేదేదో నా మంచం మీదే చస్తాను గానీ, ఆ బస్సు మెట్టు మాత్రం ఎక్కను" అని గోడవైపు తిరిగి పడుకుంది. ఎవరు చెప్పినా వినలేదు.

ఆ మనిషి వచ్చి అత్తగారి పక్కన కూర్చున్నాడు.

"బస్సు పడదా అమ్మా?"

"బస్సు కదిలితే నా పేగులు కూడా ప్రయాణం కడతాయి నాయనా. దిగేసరికి నేనుండను, చీరే ఉంటుంది."

ఆయన నవ్వాడు. "నాకైతే సీట్లో కూర్చోగానే నిద్ర ముంచుకొస్తుంది."

"పెట్టి పుట్టావు."

"కిందటిసారి వెళ్లారా?"

"మానేశాను."

ఆయన నవ్వు ఆగిపోయింది. అత్తగారి పాదాల వైపు కాసేపు చూశాడు. లేచి, మళ్లీ కౌంటర్ దగ్గరికే వెళ్లాడు.

"మళ్లీ మొదలెట్టాడు!" అంది కోడలు.

ఈసారి గుమాస్తా తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆయన బతిమాలుతున్నాడు. గుమాస్తా ఏదో కాగితం తీశాడు. ఆయన సంతకం పెట్టాడు.

కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. తన వాళ్లనెవరినో దొడ్డిదారిన చేర్పిస్తున్నాడు, ఇంకేముంది!

"పైరవీలు బయట చూసుకోండి! ఇక్కడ మనుషుల ప్రాణాలు పోతున్నాయి. సిగ్గుండాలి!"



ఆయన తల దించుకున్నాడు. "అయిపోయింది తల్లీ. వెళ్లిపోతున్నా" అని, గోడ గడియారం చూసుకుని గబగబా మెట్లు దిగిపోయాడు.

"పీడ విరగడైంది" అంది కోడలు.

గుమాస్తా పిలిచాడు. "పదిహేడో నంబర్ ఎవరు?"

"మేమే సార్. మాదే."

"మీకు చోటొచ్చింది. లోపలికి తీసుకెళ్లండి."

"చోటు లేదన్నారు కదా సార్?"

"ఇప్పుడుందంటున్నాను కదమ్మా. మళ్లీ లేదనమంటారా?"

కోడలు బెంచీ దగ్గరికి పరుగెత్తింది. అత్తగారి చంక కింద చెయ్యేసి లేపింది.

మొదటి గంటలో అత్తగారు నర్సుని రెండుసార్లు కసిరింది. రెండో గంటలో ఊపిరి తేలికపడింది. మూడో గంటకల్లా గురక.

ఆ గురక వింటూ కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాలుగు రోజులుగా గుండె మీద ఉన్న బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టుంది.

మధ్యాహ్నానికి అత్తగారు కళ్లు తెరిచింది.

"అయిపోయిందా? ఇక బస్సెక్కాలా?"

"ఏ బస్సూ లేదత్తయ్యా. రెండు వీధులు దాటితే మనిల్లే."

"అయితే పొయ్యి మీద ఏదైనా పడెయ్. ఆకలేస్తోంది."

అత్తగారు ఆకలి అన్న మాట అని ఎన్నాళ్లయిందో!

నర్సు సూదులు తీసి కట్టు కడుతోంది. కోడలికి ఒక్కసారిగా భయం పట్టుకుంది. ఇలాంటి చోట ఊరికే ఖాళీ అవుతుందా?

"సిస్టర్... ఈ చోటు ఎవరిది? వాళ్లకేమీ కాలేదు కదా?"

"అయ్యో, అదేం లేదమ్మా! ఒక పేషెంట్ పాత చోటికే, పెద్దాసుపత్రికే వెళ్తానని రాసిచ్చారు. పొద్దున బస్సుకి వెళ్లిపోయారు కూడా."

"ఇంటి పక్క ఉన్నది వదులుకుని అంత దూరమా? ఎవరా పుణ్యాత్ముడు? ఇల్లెక్కడో చెప్పండి, వెళ్లి దణ్ణం పెట్టుకుంటాను."

నర్సు కట్టు ముడి వేస్తూ అంది. "పొద్దున కౌంటర్ దగ్గర సన్నగా ఒకాయన నిలబడి ఉన్నారు, చూళ్లేదా? రెండేళ్లు తన జబ్బు పక్కన పెట్టి, మూడు ఊళ్ల పెద్దల గుమ్మాలెక్కి దిగి, అందర్నీ ఒక్కచోట కూర్చోబెట్టి ఈ గది తెరిపించింది ఆయనే, మా రిజిస్టర్లో మొదటి పేరూ ఆయనదేనమ్మా!"