పద్దెనిమిదో వాచీ

ఖరీదైన వాచీని మనం ఎంచుకునే రోజులు పోయాయి. ఇప్పుడు అదే మనల్ని ఎంచుకుంటుంది. చేతికెక్కే ముందు మన ఇంట్లో ఉన్న వాచీలను అడిగి, మనిషి ఎలాంటివాడో వాకబు చేస్తుంది.

పదిహేడు వాచీలున్న పానకాలరావు అబిడ్స్ షాపులో పద్దెనిమిదోదాని ముందు చెయ్యి చాపి నిలబడ్డాడు. నీలం డయలు, బంగారు ముళ్ళు. ముళ్ళు దానివే అయినా, వాటి మీద నిలబడ్డది మాత్రం ఇతనే. ఇది కాదందంటే ఊళ్ళో మరే వాచీ అతని చేతికెక్కదు. అన్నీ ఒకదానికొకటి చెప్పేసుకుంటాయి. చేతికందాల్సింది చెయ్యిస్తుందేమోనని అతని గుండె దడదడలాడింది.

"అలా కంగారు పడకండి సార్, నాడి కూడా చూస్తుంది," అంది సేల్స్ అమ్మాయి.

"పదిహేడింటినీ కన్నబిడ్డల్లా చూసుకుంటున్నానమ్మా! అడగమను!"

పక్కనున్న భార్య సుభాషిణి కౌంటరు అద్దం మీది దుమ్మును కొంగుతో తుడిచింది.

నీలం వాచీ సన్నటి గొంతుతో చెప్పింది. "అడిగాను. చుట్టాలొస్తే తప్ప ఈయన వాటి ముఖం చూడరట. ప్రతి ఆదివారం తుడిచి కీ ఇచ్చేది అమ్మగారేనట."

"కీ ఎవరిస్తే ఏం? కొన్నది నేను! కీలకం నేనే!"

అతను అరుస్తూండగానే వాచీ వెళ్ళి సుభాషిణి మణికట్టుకు చుట్టుకుంది. బిల్లు అతని చేతికొచ్చింది.

ఇంటికి రాగానే పానకాలరావు వాచీల డ్రాయరు వేలిముద్ర తాళం మీద బొటనవేలు నొక్కాడు. తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కాడు. లోపల పదిహేడూ టిక్కుటిక్కుమంటున్నాయి గానీ తాళం కదల్లేదు.

"సుభా, ఇది కాస్త తెరవవే!"

"చుట్టాలొచ్చినప్పుడు అడగండి, తీసిస్తాను," అంది సుభాషిణి.