కిటికీ సీటు గారి అభిప్రాయం

‘ఆ రచయిత బతికుంటే ఈ సీరియల్ తీసినవాళ్ళని కోర్టుకీడ్చేవాడు’ అని ‘కిటికీ సీటు’ అనే పేరుతో ఎవరో రాసిన అభిప్రాయం చదవగానే ఆమెకు ఒళ్ళు మండింది. టీ కప్పు పక్కన పెట్టి, మంచం మీద కాళ్ళు ముడుచుకుని, చకచకా ఫోన్లో జవాబు కొట్టింది.

‘ఏం తప్పు చేశారండీ? నవలలో ఆ పడవరేవు గుమాస్తా తొమ్మిదేళ్ళు నోరు విప్పడు. వీళ్ళు విప్పించారు. వంతెన మీద, వానలో, ఆ పిల్లతో నాలుగు ముక్కలు మాట్లాడించారు. నాకైతే ప్రాణం లేచొచ్చింది.’

కింద ఆమె పెట్టుకున్న మారుపేరు, ‘పగటి దీపం’.

రెండు నిమిషాల్లో అటునుంచి సమాధానం. ‘నాలుగా? నలభై! రోజూ ఆ పిల్ల కోసం పడవలో నీడ పడే చోటు ఆపి ఉంచుతాడు కదండీ. ఇంకేం చెప్పాలి?’

‘ఆపి ఉంచాడని ఆ పిల్లకెలా తెలుస్తుంది? కలొస్తుందా?’

ఐదు ఆదివారాలుగా ఇదే వరస. పాత ప్రేమ నవలను సీరియల్‌గా తీసి వారానికో భాగం వదులుతున్నారు. చూసినవాళ్ళు రెండు జట్లయి కొట్టుకుంటున్నారు. వాళ్ళలో ఆమెకు దీటుగా నిలబడేది ఈ కిటికీ సీటు ఒక్కడే. వారమంతా కళ్ళజోళ్ళ దుకాణంలో ఫ్రేములకు అద్దాలు బిగిస్తూ, అతనికి ఈసారి ఏం జవాబివ్వాలా అని ఆలోచించుకుంటుంది. ఆమెతో ఇన్ని మాటలు మాట్లాడే మనిషి ఇంకెవరూ లేరు మరి.

భర్త హాల్లో ఉన్నాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆదివారమైతే ఆటల చానల్ ముందు నుంచి కదలడు. పొద్దుట్నుంచి ఆయన మాట్లాడింది రెండే మాటలు: "లేచావా" ఒకటి, "ఉప్పు" ఒకటి.

ఫోన్ మళ్ళీ టింగుమంది. ‘మౌనంలో ఉన్న ప్రేమ మీకు అర్థం కాదు లెండి.’

ఆ మాట ఎక్కడ తగిలిందో గానీ, ఆమె వేళ్ళు ఆగలేదు. ‘నాకు తెలియకపోవడమేంటండీ? మీ గుమాస్తాలాంటి మనిషితోనే పదకొండేళ్ళుగా కాపురం చేస్తున్నాను. ఇంట్లో ఇద్దరం ఉంటాం. నేనొక్కదాన్నే ఉన్నట్టుంటుంది. ఒక్కోసారి నా గొంతు ఎలా ఉంటుందో వినాలని కుళాయి కింద గిన్నెలతో మాట్లాడతాను.’

పంపేశాక తను రాసింది మళ్ళీ చదువుకుంది. ఊరూ పేరూ తెలియని మనిషికి ఇదంతా ఎందుకు చెప్పినట్టు?

చాలాసేపటికి జవాబొచ్చింది. ‘మాటలు రానివాడు ఊరికే కూర్చోడండీ. గిన్నె మూత పిడి ఊడితే చెప్పాపెట్టకుండా బిగిస్తాడు. మీరెప్పుడైనా చూశారా?’

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. పెద్ద గిన్నె మూత పిడి వారం క్రితం ఊడింది. చేత్తో పట్టి ఊపింది. కదల్లేదు. లోపల కొత్త స్క్రూ మెరుస్తోంది. పొద్దున ఇదే మూత తనే ఎత్తింది, దించింది. చూసుకోనేలేదు!

అంతలో ఇంకోటి తట్టింది. బస్సెక్కితే ఆయన ముందు కిటికీ పక్క చోటు వెతికి ఆమెను కూర్చోబెట్టేవాడు. కిటికీ సీటు!

గబగబా హాల్లోకి వచ్చింది. ఆయన చేతిలోనూ ఫోనుంది. ఆమెను చూసి పక్కన పెట్టేశాడు.

"మీరేనా?"

"ఏది?"

"ఇది రాసింది! ఈ కిటికీ సీటు మీరేనా?" అంటూ ఫోన్ ఆయన చేతిలో పెట్టింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. పైనుంచి కిందికి నిదానంగా చదివాడు. ఒకచోట బొటనవేలు ఆగిపోయింది. అక్కడే మళ్ళీ చదివాడు, పెదాలు కదుపుతూ. ఆ తర్వాత రిమోట్ తీసుకుని, ఆట ఇంకా సగంలో ఉండగానే టీవీ ఆపేశాడు.

"నేనే" అన్నాడు.

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "పక్క గదిలో కూర్చుని ఫోన్లో పోట్లాడతారా ఎవరైనా? ఎదురుగా చెప్పడానికేం?"

"ఎదురుగా రాదు నాకు." ఆయన నేల చూపులు చూశాడు. "నీకు అలా ఉంటుందని... తెలీదే నాకు."

"ఇంతకీ నవల ఎప్పుడు చదివారు?"

"ఎప్పుడో... చదివాన్లే. ఇలా కూర్చో."

పక్కన కూర్చుని ఆయన రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. గోళ్ళ సందుల్లో ఎంత కడిగినా పోని నల్లటి గ్రీజు. ఇంత దగ్గరగా చూసి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు.

"ఆ గుమాస్తా కథ మొదట్నుంచీ చెప్పు" అన్నాడాయన.

"చదివానన్నారుగా!"

"నువ్వు చెబితే వింటాను."

ఆమె కళ్ళు తుడుచుకుని మొదలుపెట్టింది. పడవరేవు దాకా వచ్చేసరికి గొంతు గాడిన పడింది. ఆయన ఊ కొడుతున్నాడు. ఆయన చేతులు రెండూ ఆమె చేతుల్లోనే ఉన్నాయి.

బల్ల మీద ఆమె ఫోన్ టింగుమని వెలిగింది. కిటికీ సీటు రాశాడు: ‘పగటి దీపం గారూ, ఉన్నారా?’