రాజనర్సు రాసిన అంకెలు

"కారణం మాత్రం ఆయనకు చెప్పకుండ్రి సార్," అంది మైథిలి. "మళ్ల తలెత్తుకోలేడు."

ల్యాబ్ ఇన్‌ఛార్జి వెంకటాచలం కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు. ఆయన ముందు రాజనర్సు రాసిన మూడేళ్ల రిజిస్టర్లున్నాయి. వాటిని మైథిలి కంప్యూటర్లోకి ఎక్కించి తీసిన కాగితాలు పక్కనే ఉన్నాయి.

"ముందు నాకర్థమయ్యేలా చెప్పమ్మా. ఈ రీడింగుల్లో తప్పేముంది?"

"చివరి అంకెలు చూడుండ్రి సార్. పద్దెనిమిది పాయింట్ నాలుగు. పద్దెనిమిది పాయింట్ ఆరు. పంతొమ్మిది పాయింట్ రెండు. అన్నీ సరి అంకెలే. మూడేండ్లల్ల బేసి అంకె ఒక్కటన్న లేదు. నిజంగ కొలిస్తే గిట్ల రావు. మనసుల అనుకొని రాస్తేనే వస్తయి."

"అంటే రాజనర్సు టెస్టు చేయకుండానే రాసేస్తున్నాడంటావు!"

మైథిలి తలూపింది. చెప్పకుండా ఉంటే బాగుండేదని అప్పుడే అనిపించింది. కానీ సూరత్ రింగ్ రోడ్ బట్టల మార్కెట్ నుంచి మచ్చలు పడ్డ చీరల బట్ట లారీడు తిరిగొచ్చింది. బ్లీచింగ్ తొట్టిలో కాస్టిక్ సోడా ఎక్కువతక్కువైతే బట్టకు మచ్చలు పడతాయి; అదెంతుందో రోజూ కొలిచి చెప్పాల్సింది ల్యాబే. పొద్దుటి షిఫ్టు రాజనర్సుది, మధ్యాహ్నం మూడు నుంచి తనది. తప్పెవరిదో తేల్చమని మిల్లు యజమాని పట్టుబట్టి కూర్చున్నాడు.

ఎనిమిది నెలల కిందట ఆమెకు ఈ ఉద్యోగం ఇప్పించింది రాజనర్సే. ఒకప్పుడు తాముండే లింబాయత్ బస్తీలో ఆమె తండ్రి పక్కన పవర్‌లూమ్ నడుపుతూ బీఎస్సీ పూర్తి చేసిన మనిషి. మొదటి నెలంతా తన షిఫ్టు అయ్యాక ఒక గంట ఆగి ఆమెకు పని నేర్పాడు. అంతకుముందే తన గాజు సామాను కడుక్కుని, అల్మారాలో పెట్టి తాళం వేసుకునేవాడు. దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఉత్త పిసినారి అని మిల్లులో అందరూ నవ్వుకునేవాళ్లు.

ల్యాబ్‌లో అసలు పనంతా బ్యూరెట్టుతోనే. అది గీతలున్న పొడవాటి గాజు గొట్టం. అందులోని యాసిడ్‌ను చుక్కచుక్కగా, రంగు మందు కలిపి గులాబీగా మార్చిన కాస్టిక్ నీళ్లలోకి వదలాలి. నీళ్ల గులాబీ రంగు పోగానే ఆపి, యాసిడ్ మట్టం ఏ గీత దగ్గరుందో రాసుకోవాలి. కొత్తలో ఒకరోజు మైథిలి తనకిచ్చిన బ్యూరెట్టు ముందు తికమకపడింది.

"నాలుగో గీతకు, ఐదో గీతకు నడుమ ఆగింది కాకా. నాలుగున్నర అని రాయనా? కాలేజీల గట్లనే అంచనా కట్టమన్నరు."

"వద్దు బిడ్డా. దగ్గర ఏ గీత ఉంటే అదే రాయాలె. నడుమ కనిపించేది గొట్టం చెప్పింది గాదు, మనం చెప్పింది."

ఆ రోజే రాజనర్సు ఆమెకు తన లావుపాటి ల్యాబ్ హ్యాండ్‌బుక్ ఇచ్చాడు. అందులోని పట్టికలన్నీ ఇరవై డిగ్రీల వేడికి రాసినవి. సూరత్‌లో ఇరవై డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయని, ముప్పై రెండుకూ ముప్పై ఆరుకూ లెక్కలు కట్టి ప్రతి పేజీ అంచునా పెన్సిల్‌తో రాసుకున్నాడు. కల్పించి రాసిన అంకెలను పట్టుకోవడమెలా అన్న అధ్యాయం కూడా ఆ పుస్తకంలోదే. ఆయన పుస్తకంతోనే ఆయన్ని పట్టుకున్నానే అని మైథిలికి ఏడుపొచ్చింది.

"సరే," అన్నాడు వెంకటాచలం. "వయసైంది, విశ్రాంతి తీసుకోమంటాను. ఈ సంగతి ఎత్తను. నువ్వడిగావు కాబట్టి ఆయన కోసం ఆ మాత్రం చేద్దాం."

నెలాఖరున మూడు గంటలకు మైథిలి వచ్చేసరికి రాజనర్సు బల్ల తుడుస్తున్నాడు.

"బిడ్డా, ఒక్క మాట. నాతోని ఏమన్న తప్పయిందా?"

"లేదు కాకా."

"అరవై గూడ నిండలే నాకు. మచ్చల బట్ట సంగతేనా? ఎక్కడ తప్పు పట్టిండ్రో చెప్తే జవాబు చెప్పుకుంట గద. సార్‌ను అడిగితే ఏం లేదంటడు. నువ్వన్న చెప్పు."

 ఇన్నేళ్ల మనిషిని దొంగ లెక్కలు రాశావని మైథిలి ఎలా అంటుంది?

"వయసనే అన్నరు కాకా. ఇంకేం లేదు."

రాజనర్సు అల్మారా తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"సామాను పైలం. ఇరవై రెండేండ్ల సంది ఒక్కటి పలగలే."

కారణం చెప్పకపోయినా పుకారు ఆగలేదు. మచ్చలకు రాజనర్సే కారణమట అని వారం తిరక్కుండా లింబాయత్ గల్లీలన్నీ అనుకున్నాయి. ఆయన చాయ్ హోటల్‌కు రావడం మానేశాడని తండ్రి చెబుతుంటే మైథిలికి అన్నం సహించలేదు. తను నిజమే చెప్పిందనీ, ఆయన పరువు పోకుండా అడ్డుపడిందనీ ఎంత సర్దిచెప్పుకున్నా మనసు కుదుటపడలేదు.

ఆ మర్నాడు ఆమె బ్యూరెట్టు కుళాయి కారడం మొదలుపెట్టింది. కొత్తది తెప్పించేదాకా వాడుకుందామని రాజనర్సు అల్మారా తీసింది. లోపల తెల్లటి గుడ్డలో చుట్టి ఆయన పాత బ్యూరెట్టు ఉంది, తన దానికంటే పొడుగ్గా. కడిగి, యాసిడ్ నింపి, కాస్టిక్ నీళ్లలోకి చుక్కచుక్కగా వదిలింది. గులాబీ రంగు పోయింది.

మట్టం పద్దెనిమిది పాయింట్ ఐదు దగ్గర ఆగినట్టనిపించింది. వంగి ఐదో గీత కోసం చూసింది. నాలుగు తర్వాతి గీత ఆరు. దాని తర్వాతిది ఎనిమిది. చూపుడువేలు ఆనించి పైనుంచి కిందిదాకా వెతికింది.

ఆ గొట్టం మీద బేసి అంకెకు గీతే లేదు.