ఫార్టీ బల్ల

పిస్తోళ్లు తుడిచి సంపాదించిన కూటిని దేవుడికి నైవేద్యం పెట్టొచ్చా అన్న అనుమానం చినబాబుకు ఈ అరబ్బు దేశం వచ్చిన పదకొండేళ్లుగా ఉంది. రోజూ పొద్దున్నే పెడుతూనే ఉన్నాడు. దేవుడు వద్దనలేదు, సరేనని కూడా అనలేదు.

ఆ గురువారం సాయంత్రం అతను ఫార్టీ రకం పిస్తోలు గొట్టంలో నూనెగుడ్డ తిప్పుతుంటే, షూటింగ్ రేంజి మేనేజరు మునాఫ్ రిజిస్టరు పట్టుకుని ఫార్టీలు కాల్చే బల్ల దగ్గరికి వచ్చాడు. కడప మనిషి.

“ఏమప్పా చినబాబూ, ఈ నెల ఫార్టీ తూటాలు పదకొండు పెట్టెలు పోయినాయి. నైన్ ఎన్నో తెలుసునా? నాలుగొందలు!”

“పదకొండన్నా పోయాయి కదండీ, మునాఫ్ భాయ్.”

“పదకొండూ కాల్చింది ఒక్క అబూ నాసరే గదప్పా! ఆయప్ప లేకుంటే ఆరేండ్ల కిందటే ఈ బల్ల ఖలాస్. నిన్ను ఊరికి పంపిచ్చేవాణ్ణి. అప్పుడు ఆయప్పతో కూడా అంటి ఆ మాట.”

మునాఫ్ చెప్పిందాంట్లో అబద్ధం లేదు. చినబాబు వచ్చిన కొత్తలో ఫార్టీ కోసం జనం వరసలో నిలబడేవారు. తొమ్మిది మిల్లీమీటర్ల నైన్ కంటే లావు తూటా, దెబ్బ గట్టిది, పోలీసులు వాడేది అని గొప్పగా చెప్పుకునేవారు. తర్వాత నైన్ తూటాలే బాగుపడ్డాయి. ధర తక్కువ, చెయ్యి అదరదు. పెద్ద దేశాల పోలీసులే నైన్‌కు మళ్లారు. ఇక్కడి కుర్రాళ్లూ ఫార్టీ వంక చూడడం మానేశారు. ఎవరు మానేసినా సల్వా పేటలో ఉండే అరబ్బు పెద్దాయన అబూ నాసర్ మాత్రం ప్రతి గురువారం వస్తాడు.

మునాఫ్ అటు వెళ్లగానే ఫోను మోగింది. ఊరి అవతల ఎగైలా పేట నుంచి బావమరిది రమేష్‌బాబు.

“బావా, హోటలు పెట్టిన కాణ్ణుంచీ అడుగుతున్నాను నిన్ను. ఆదివారంలోపు ఏ మాటా చెప్పకపోతే వంటింటి పెత్తనం ఇంకొకళ్లకి ఇచ్చేత్తాను. అక్కకి కూడా చెప్పేశాను.”

“వత్తానురా. పెద్దాయనకి ఓ మాట చెప్పాలి కదా.”

“ఆయనేవన్నా నీకు మావగారా?”

“ఒక్కళ్ల కోసం ఇంకో మనిషిని పెట్టరు కదా, నేను వెళ్లిన మర్నాడే బల్ల తీసేత్తారు. ఆరేళ్లుగా ఇంకో పిస్తోలు ముట్టుకోలేదురా ఆయన. ఈ వయసులో ఆయన సరదా చెడగొట్టిన పాపం నాకెందుకు?”

“పిస్తోళ్లు వదిలి ఇడ్లీలు వండుకోడం కూడా పాపవేనా? నీతో పడలేం బావా!”

చినబాబుకు నవ్వొచ్చింది. ఇడ్లీల సొమ్మయితే నైవేద్యం మీద ఏ అనుమానమూ ఉండదు. కానీ పెద్దాయనకు ఆ మాట చెప్పాలని ఇంతకుముందు మూడుసార్లు అనుకున్నాడు. ప్రతిసారీ పెద్దాయన గుమ్మంలోంచే “బల్ల ఉంది కదా? ఫార్టీ ఉంది కదా?” అని ఆత్రంగా అడిగేసరికి, ఉందని చెప్పి పిస్తోలు తీసి చేతికిచ్చేశాడు.

ఐదింటికి అబూ నాసర్ వచ్చాడు. అదే ప్రశ్న అడిగాడు. ఉందనగానే హాయిగా నిట్టూర్చి, చెవులకు రక్షణ తగిలించుకుని కాల్చడం మొదలుపెట్టాడు. తూటా తూటాకూ చెయ్యి పైకి తన్నేస్తోంది. సగం తూటాలు గురి కాగితాన్ని తాకనైనా తాకలేదు. ఒక పెట్టె అయ్యాక మణికట్టు రుద్దుకుంటూ ఆగాడు.

ఇంత అవస్థపడుతూ కూడా వదల్లేకపోతున్నాడే అని చినబాబుకు జాలేసింది. అయినా ఈసారి ఆగలేదు. వచ్చీరాని అరబ్బీలో గబగబా చెప్పేశాడు.

“బాబా, నేను వెళ్లిపోతున్నాను. నేను వెళ్తే ఈ బల్ల తీసేస్తారు. నన్ను మన్నించండి.”

పెద్దాయన మొహం ఎర్రబడింది. “మునాఫ్ పంపేస్తున్నాడా? పిలువు వాణ్ణి!”

“కాదు బాబా, నా అంతట నేనే. ఎగైలాలో మా బావమరిది హోటల్లో వంటింటి పెత్తనం. జీతం కూడా ఎక్కువే.”

“వల్లా?”

“దేవుడి తోడు.”

పెద్దాయన చెవుల రక్షణ తీసి బల్ల మీద పెట్టాడు. చినబాబు తలవంచుకుని నిలబడ్డాడు.

“ఆరేళ్ల కిందట ఇక్కడే నాకు షుగర్ పడిపోయి కళ్లు తిరిగాయి. నీ డబ్బాలోంచి బెల్లం ముక్క తీసి నా నోట్లో పెట్టావు. గుర్తుందా?”

“దానిదేముంది బాబా!”

“ఆ వారమే మునాఫ్ ఈ బల్ల తీసేసి నిన్ను ఊరికి పంపేస్తానన్నాడు. నీ బాకీ నేటితో తీరింది.”

“బాకీ ఏమిటి బాబా?”

అబూ నాసర్ మిగిలిన తూటాల పెట్టెను అతని వైపు నెట్టేసి, వాచిన మణికట్టు చూపించి నవ్వాడు.

“ఫార్టీ అంటే నాకు మొదటి నుంచీ పడదు.”