వేడిగదిలో కచేరీ

తెనాలిలో ఫ్రిజ్ లేని ఇల్లయినా ఉందేమో గాని, వేడిగది లేని ఇల్లు లేదు. ఆ వేడికి ఒంట్లో మేలుకునే ప్రొటీన్లు మెదడులో పేరుకున్న మడ్డిని ఊడ్చేస్తాయి. మతిమరుపు తగ్గుతుంది. ఆ జబ్బు పట్టిన సువర్చలమ్మను రోజూ అందులో కూర్చోబెట్టే పని తోటికోడలు హైమవతిది.

హైమవతికి లోపల ఒకటే బెంగ. జబ్బు రాకముందు అక్క ఏళ్ల తరబడి తనతో మాట్లాడలేదు. జబ్బుతో ఆ పంతం కూడా మరిచిపోయి, ఇప్పుడు కొంగు పట్టుకు తిరుగుతోంది. బాగైతే మళ్లీ మొహం తిప్పేసుకుంటుంది. వేడి తగ్గిద్దామని మీట మీద చెయ్యి వేసింది కూడా. అంతలోనే సిగ్గుపడి, ఇంకాస్త పెంచి తనూ లోపలే పక్కన కూర్చుంది.

కాసేపటికి సువర్చలమ్మ చెమట తుడుచుకుంటూ ఆమెను తేరిపార చూసింది.

“మా అమ్మాయి పెళ్లిలో నేను పాడుతుంటే మైకు కట్టేయించింది నువ్వే కదూ?”

“నేనే అక్కా. భోజనాలకు వేళవుతోందని...”

“ఇంకా రెండు చరణాలున్నాయి.”

సువర్చలమ్మ గొంతు సవరించుకుని, ఆగిన చోటి నుంచే అందుకుంది. ఒక్క మాట తప్పలేదు. శ్రుతి మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. సమయం పూర్తయ్యేదాకా తలుపు తెరుచుకోదు గనుక హైమవతి కదలకుండా విన్నది.

“ఇప్పుడు చెప్పవే, ఎలా ఉంది?”

హైమవతి కళ్లు తుడుచుకుంది.

“ఇంకోసారి పాడు అక్కా.”