పన్నెండో బీప్

"ఆ కళ్లతో మీరు నాకు మత్తిస్తానంటే నేను బల్ల ఎక్కను," అంది భార్య.

మత్తు డాక్టరు నిద్రమాత్రల అట్టను చెత్తబుట్టలోకి విసిరాడు. అది మూడో రకం. అదీ పని చెయ్యలేదు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. మూడు నెలలుగా రాత్రికి గంటన్నర కునుకు పడితే గొప్ప. అందరినీ చిటికెలో నిద్రపుచ్చే మనిషికి తన నిద్ర మాత్రం చిక్కడం లేదు.

"ఆసుపత్రిలో మత్తిచ్చేది నేనొక్కడినే. పిత్తాశయంలో రాళ్లు పెట్టుకుని ఎన్నాళ్లు మెలికలు తిరుగుతావు?"

"రాళ్లతోనైనా బతకొచ్చు. అసలు నన్నేం చేస్తారో ముందు చెప్పండి."

"మొదట ఒక ఇంజెక్షన్. నిద్రపోతావు. అది పనిచేసేది పది నిమిషాలే. రెండోది ఒళ్లు కదలకుండా. వేలు కూడా ఎత్తలేవు. ఆ తర్వాత నేను గొంతులో ఊపిరి గొట్టం వేసి, స్టూలు మీద కూర్చుని గ్యాస్ తిప్పుతాను. ఆపరేషన్ అయ్యేదాకా నిన్ను నిద్రలో ఉంచేది ఆ గ్యాసే."

"తిప్పడం మరిచిపోతే?"

"పదహారేళ్లలో ఒక్కసారి కూడా మరిచిపోలేదు."

"మొన్న కళ్లజోడు తియ్యకుండానే తల మీద నీళ్లు పోసుకున్నారు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పొద్దున సర్జన్ కూడా ఇంచుమించు ఇదే మాటన్నాడు. "నేను పది రోజులు ఊళ్లో ఉండను. ఆపరేషన్లూ ఉండవు. ఈలోగా నిద్రపోయి రా. లేకపోతే రాకు." సర్జన్ తిరిగొచ్చాక మొట్టమొదటి ఆపరేషన్ ఈవిడదే.

ఆ రాత్రి కూడా ఆయన దొర్లుతూనే ఉన్నాడు. ఆవిడ లేచి కూర్చుని దీపం వేసింది.

"అసలు పడుకున్నాక మీకేమవుతుంది?"

"చెవులు. అవి నిద్రపోవు." ఆయన కప్పుకేసి చూస్తూ చెప్పాడు. "థియేటర్లో గుండె కొట్టుకున్నప్పుడల్లా మానిటర్ బీప్ అంటుంది. ఆ చప్పుడు వినిపిస్తోందంటే మనిషి ఉన్నట్టు. ఆగిందంటే... ఇక్కడ చూడు, ఎంత నిశ్శబ్దమో. కళ్లు మూతపడగానే నా పక్కన ఎవరో పోయారనిపిస్తుంది. దిగ్గున లేస్తాను."

ఆవిడ దీపం ఆర్పింది. తెల్లవారగానే ఆసుపత్రికి వెళ్లి థియేటర్ సిస్టర్‌ని పట్టుకుంది. సాయంత్రానికల్లా పని అయింది.

"మానిటర్ క్లిప్పు నా వేలికే పెట్టుకుని గంటసేపు రికార్డు చేశానమ్మా," అంటూ సిస్టర్ ఆవిడ ఫోన్ తిరిగి చేతిలో పెట్టింది. "ఇదంతా నా గుండె చప్పుడే. మా ఆయన ఏనాడూ విన్న పాపాన పోలేదు. మీ ఆయనైనా వింటాడు!"

రాత్రి ఆవిడ ఫోన్‌ని రెండు దిళ్ల మధ్య పెట్టి నొక్కింది.

బీప్. బీప్. బీప్.

"ఇదేమిటి?" అన్నాడాయన.

"ఎవరూ పోలేదు. అందరూ బాగానే ఉన్నారు. పడుకోండి."

ఆవిడ మనసులో లెక్కపెట్టింది. తొమ్మిది. పది. పదకొండు. పన్నెండో బీప్‌కి గురక మొదలైంది. సన్నటి గురక, చివర్లో చిన్న ఈలతో. మూడు నెలల తర్వాత విన్న ఆ గురకకి ఆవిడ కళ్లు చెమర్చాయి.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పది రాత్రుల్లో ఒక్కసారి కూడా ఆయన పదమూడో బీప్ విన్నట్టు లేదు. బీరువా మీదినుంచి పెట్టె పడినా లేవలేదు.

పదకొండో రోజు పొద్దున సర్జన్ ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"ఏమోయ్, పెళ్లికొడుకులా మెరిసిపోతున్నావు! ఏం మాత్ర వేసుకున్నావేమిటి?"

"మాత్ర కాదు, మా ఆవిడ."

"అయితే చెల్లెమ్మకి ఫీజులో సగం తగ్గించాలి," అని నవ్వుతూ సర్జన్ చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. ఆయన కడుక్కోవడం మొదలుపెడితే పది నిమిషాలకు తక్కువ కాదు.

బల్ల మీద పడుకున్నాక ఆవిడ మళ్లీ భయంగా ఆయన చెయ్యి పట్టుకుంది.

"మీరెక్కడుంటారు?"

"నీ తల దగ్గరే, స్టూలు మీద. నీ మెడ దగ్గర అడ్డంగా తెర కడతారు. వాళ్లందరూ తెర అవతల. ఇవతల మనమిద్దరమే."

ఆయన కళ్లలో ఎరుపు జీర కూడా లేదు. ఆవిడ వేలికి క్లిప్పు తగిలించాడు. బీప్ అంది. అలవాటైన చప్పుడు వినగానే ఆవిడ భయం చేత్తో తీసేసినట్టు పోయింది. చేతి నరంలోంచి చల్లగా ఏదో పైకి పాకింది. బీప్‌లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు...

బీప్. బీప్.

చీకటి. ఇంకా తెల్లవారినట్టు లేదు. తల దగ్గర సన్నటి గురక, చివర్లో చిన్న ఈల. పాపం, హాయిగా పడుకున్నారు అనుకుందావిడ. ఇక ఫోన్ ఆపేద్దామని చెయ్యి చాపబోయింది.

చెయ్యి రాలేదు.

వేలు కదపబోయింది. కదల్లేదు. కళ్లు తెరవబోయింది. రెప్పల మీద టేపేదో అంటించినట్టుంది. ఆయన్ని పిలవబోయింది. గొంతులో గొట్టం.

బీప్‌లు పరుగందుకున్నాయి. గురక మాత్రం అదే తీరున సాగుతోంది.

తెర అవతలి నుంచి సర్జన్ గొంతు హుషారుగా వినిపించింది. "మనవాడు మాట్లాడటం లేదంటే అంతా సవ్యంగా ఉన్నట్టే. సిస్టర్, కత్తి ఇలా ఇవ్వండి."