గొంతుకు సెలవు

తలుపు తీసిన సురేష్ చేతిలో గోంగూర కట్ట ఉంది. ముందుగదిలో పరిచిన పేపరు మీద ఒక పక్క ఆకులు, ఒక పక్క కాడలు. ఏవి గిన్నెలోకో, ఏవి చెత్తలోకో అతనికింకా అనుమానంగానే ఉన్నట్టుంది.

“రండి మేడమ్,” అని గుసగుసగా అని, పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. “మా ఆవిడ మాట్లాడకూడదుగా.”

“అంటే...” అని ఆస్మా మొదలుపెట్టింది. అప్పటికే అతను కుర్చీ తేవడానికి వెళ్ళిపోయాడు.

ఆమెకిది అలవాటే. చల్లపల్లి పక్క ఊళ్ళో చదువుకునే రోజుల్లోనూ ఆమె హాజరు పలికేలోపు టీచరు తర్వాతి పేరు పిలిచేసేవారు. అలాంటి పిల్లకు గవర్నర్‌పేటలో చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిలో, అందులోనూ గొంతు పరిశోధనలో ఉద్యోగం వచ్చిందంటే ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది, చప్పుడు కాకుండా.

పరిశోధన టీచర్ల మీద. పిల్లల మీద అరిచి అరిచి గొంతులో చిన్న కాయలు లేచినవాళ్ళ మీద. సగం మంది రెండు వారాలు పూర్తిగా మౌనంగా ఉండాలి. మిగతా సగం ఆవిరి పట్టుకుంటూ మామూలుగా మాట్లాడుకోవచ్చు. ఎవరు ఎటన్నది చీటీలు తీసి తేల్చారు. కాయలు తగ్గకపోతే ఆపరేషన్. మూడో తరగతి చెప్పే సువార్తమ్మకు బడి తెరిచేలోగా గొంతు బాగుపడకపోతే ఆ ఉద్యోగమూ ఉండదు.

సువార్తమ్మ కిటికీ దగ్గర కూర్చుని వారపత్రిక చదువుకుంటోంది. ఆస్మాను చూసి తలూపి, పేజీ తిప్పింది.

“మౌనం చీటీ వచ్చిందని పలక మీద రాసి చూపించిందండీ. ఆ రోజు నుంచి ఒక్క మాట జారలేదు. ఎవరూ చెప్పకుండానే ఆవిరి కూడా పడుతోంది,” అన్నాడు సురేష్ గర్వంగా.

అప్పటిదాకా ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో ఆమె నోరే చెప్పేదట. తన తువ్వాలు ఎక్కడ ఆరేస్తారో పెళ్ళయిన ఇన్నేళ్ళకు మొన్ననే కనుక్కున్నాడట. మొదటి రోజు పప్పులో ఉప్పనుకుని పంచదార వేసి, పరువు కోసం తనొక్కడే అంతా తిన్నాడట.

అతని తల్లి తెరేసమ్మ లోపల్నుంచి వచ్చింది. బీరువాలో మూలపడి ఉన్న వినికిడి మిషన్ ఇప్పుడు ఆమె చెవిలో ఉంది.

“కోడలైతే వీధి చివరికి వినపడేట్టు చెప్పేదమ్మాయ్. వీడి గొణుగుడు నాకేం వినపడిద్ది? పెట్టుకోక చస్తానా.”

ఆస్మా రికార్డర్ పెట్టి, “ఆ” అనమని సువార్తమ్మకు సైగ చేసింది. గొంతు సన్నగా మొదలై, ఎక్కడా బొంగురుపోకుండా, తెగకుండా సాగింది. తెరేసమ్మ మెడలోని శిలువను కళ్ళకద్దుకుంది.

“ఆపరేషన్ తప్పినట్టేనా మేడమ్?”

“చాలా తగ్గినట్టుందండీ. డాక్టరుగారు చూసి చెప్తారు.”

“అయితే ఇవాళ్టి నుంచి మాట్లాడొచ్చుగా?”

“అసలు టీచర్ గారు...” అంటూ ఆస్మా తలెత్తింది.

సురేష్ వెనక నుంచి సువార్తమ్మ ఆమెనే చూస్తోంది. పత్రికను గుండెలకు అదుముకుని, కనిపించీ కనిపించనట్టు తల అడ్డంగా ఊపింది.

ఆస్మా మధ్యలో ఆపిన మాట కోసం ఎదుటి మనిషి ఆగడం ఇదే మొదటిసారి. ఆమె నోరు మూసుకుని, రెండు వేళ్ళు చూపించింది.

“ఇంకో రెండు వారాలా?” సురేష్ గోంగూర ముందు కూలబడ్డాడు. “అమ్మా, ఇంతకీ కాడలు వెయ్యాలా, వద్దా?”

ఇక ఈ కేసును పరిశోధన లెక్కలోంచి తీసేయమని డాక్టరుగారికి తనే చెప్పాలి. ఆస్మా సంచి తగిలించుకుని, ఎవరితోనూ ఒక్క మాటైనా అనకుండా గడప దాటింది.

సువార్తమ్మకు వచ్చింది మాట్లాడే చీటీ.